ఆల్బిన్ పెట్టిన సంతకం

"ఏరు కట్టిన దొరలారా, ఎవరినడిగీ కట్టినారూ... మడుగులోని చేపనడిగా, గట్టు మీది..."

గట్టు మీద ఎవరున్నారో ఓబుళమ్మకు ఎంతకీ గుర్తు రాలేదు. పడుచుతనంలో నాట్లేస్తూ పాడిన పాట. అరవై రెండేళ్లకు అక్షరాలు దిద్దుతున్న ఆమె పలక పక్కన పెట్టి, చదువు చెప్పే నజీరు సారును అడిగింది: "ఏదో దేశంలో చట్టం చేసినాక గూడా జనాన్ని అడుగుతారంట గదా సారూ! ఇంటికొక మాట చెప్తే ఇంక పనెట్ల జరుగుతుంది?"

నజీరు సారు సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. స్విట్జర్లాండులో ఒక హోటలు వంటింట్లో ఆరేళ్లు పనిచేసి వచ్చారు. ఏదడిగినా అక్కడ చూసినదొకటి చెప్పి ఊరుకుంటారు. ఆ పూటా అంతే.

ఆ దేశంలో పార్లమెంటు చట్టం చేసినాక నూరు రోజుల్లో యాభై వేల మంది సంతకాలు పెడితే, దాన్ని దేశమంతటి ఓటుకు పెట్టి తీరాలి. ఒక ఏడు, కొండలోయల్లో ఆనకట్టలు కట్టుకోవచ్చునని చట్టమొచ్చింది. ఉర్సినా అనే ముసలామె ఆవులు మేసే బయలు నీళ్లపాలయ్యేట్టుంది. ఆమె సంతకాల కాగితం పట్టుకుని మంచులో ఇల్లిల్లూ తిరిగింది. ఎదురింటి ఆల్బిన్ గడప మాత్రం తొక్కలేదు. ఆనకట్ట కావాలని అందరికన్నా గట్టిగా అరిచేవాడు ఆయనే మరి.

ఆఖరి రోజు వచ్చింది. యాభై వేలు నిండాయో లేదో ఎవరికీ తెలియదు. ఊరి ఉత్తరాలు పట్నానికి మోసుకుపోయే టపా బస్సు హారన్ కొడుతోంది. ఉర్సినా కాగితంతో పరుగెత్తుతుంటే ఆల్బిన్ అడ్డమొచ్చి నిలబడ్డాడు.

"ఊరంతా తిరిగితివి, నేను నీ కంటికి ఆనలేదా?"

"నువ్వు ఆనకట్ట కావాలనేవాడివి గదా!"

"ఇప్పుడూ అంటా. ఓటూ నీకు ఎదురుగానే వేస్తా. ఆ మాట చెప్పాలంటే నన్నొకరు అడగాల గదే ముసలిదానా! ఇటియ్యి."

బస్సు తలుపుకు కాగితం ఆనించి, సంతకం గీకి ఇచ్చేశాడు.

సంతకాలు నిండాయి. దేశమంతా ఓటేసింది. చట్టం ఓడిపోయింది. బయలు నిలిచింది.

"అబ్బ! తన సంతకంతో తానే ఓడిపాయనా!" ఓబుళమ్మ లేచి నిలబడింది. "తల పట్టుకుని కూర్చున్నాడా?"

"ఆ ఆదివారమే ఉర్సినా ఇంట్లో కూర్చుని, ఆమె పెట్టిన జున్ను తింటా, ఆమెతోనే పోట్లాడుతుంటే చూసినా."

ఓబుళమ్మ పట్టలేక చప్పట్లు కొట్టింది. "మన దగ్గరా ఇట్ల అడిగే కాగితమొస్తేనా, ఒక్క గడపా వదలను సారూ!"

నజీరు సారు నవ్వారు.

"మీ వీధిలో నువ్వు పలకరించకుండా దాటిపోయే గడప ఏదో, ముందు అది చెప్పక్కా."