ఆషాఢంలో దొరికిన ఎర్రగోళ్లు

వెలగపురి అనే ఒకానొక చిన్న రాజ్యాన్ని రణధీరవర్మ ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదే గానీ రాజుగారి డాబు మాత్రం ఆకాశమంత!

ఒకనాడు పొరుగు దేశపు దూత నవ్వుతూ, "మీ కొలువు నిండా నెరిసిన తలలే కదా!" అన్నాడు. అంతే, మన రాజుగారికి ఒళ్లు మండిపోయింది. "రేపటి నుంచి నా కోటలో తెల్లవెంట్రుక కనబడకూడదు. కనబడితే కొలువు ఊడినట్టే!" అని చాటింపు వేయించాడు.

ఆ మాట విని వంటశాల పేరిందేవమ్మ గుండె గుభేలుమంది. ముప్పై ఏళ్లుగా ఆ వంటశాలే ఆమెకు ఇల్లు. పొమ్మంటే ఎక్కడికి పోతుంది పాపం! చేసేదేముంది? ఇనుప మూకుట్లో గోరింటాకు ముద్ద నానబెట్టి తలకు పట్టించింది. మర్నాడు దానిమీద నీలి ఆకు ముద్ద పూసింది. కడుక్కుని చూసుకుంటే, అబ్బో, పదిహేనేళ్లు వెనక్కి పోయింది!

కానీ మూకుడు కడగడం మరిచిపోయింది. సరిగ్గా ఆ పూటే రాజుగారు పాయసం రుచి చూద్దామని వంటశాలకు వచ్చి, మూకుడు చూసి మండిపడ్డాడు.

"మోసం! నా కళ్లకే గంతలు కడతారా? తలకు రంగేసుకున్నవాళ్లు రేపు పొద్దున్నే నగరం దాటాలి!"

అప్పుడు రాజుగారి వెంటే వచ్చిన విదూషకుడు తిప్పన ముందుకు వచ్చాడు. ఇతగాడు ఊరికే నవ్వించే మనిషి కాడు, కళ్లు నాలుగు వైపులా ఉంటాయి. నెల రోజులుగా ఉక్కపోతలో కూడా రాజుగారు శాలువాలోంచి చేతులు తీయకపోవడం, తలేమో ఒక్కసారిగా కాకినలుపు కావడం అతను గమనిస్తూనే ఉన్నాడు.

"ఎవరైనా సరేనా ప్రభూ?" అన్నాడు.

"ఎవరైనా సరే! నా మాటకు తిరుగులేదు."

"అయితే పట్టుకోవడం చిటికెలో పని. గోరింటాకు ముద్ద చేత్తో పూసుకుంటే గోళ్లు ఎర్రబడతాయి. ఎంత తోమినా మూడు నెలలకు గానీ పోవు."

"భేష్! పేరిందేవీ, చెయ్యి చాపు!"

ఆమె చాపింది. గోళ్లు ఎర్రగా మెరిశాయి.

"దొరికింది దొంగ!" అని రాజు కేకేశాడు.

"ఆగండి ప్రభూ! ఇది ఆషాఢం. గోరింటాకు పెట్టుకోని ఆడకూతురు మన రాజ్యంలో ఉందా? మహారాణిగారి చేతులు చూడండి, దాసీల చేతులు చూడండి! ఆడవాళ్ల గోళ్లు సాక్ష్యానికి పనికిరావు. పెట్టుకోనిది మగవాళ్లమే. మా గోళ్లు చూడాలి!"

అందరూ ఔనంటే ఔనన్నారు. సభామండపంలో కొలువు కొలువంతా వరసగా నిలబడింది. మంత్రి చాపాడు, సేనాపతి చాపాడు, ద్వారపాలకులు చాపారు. ఒక్క ఎర్రగోరూ లేదు!

తిప్పన చేతులు కట్టుకుని అన్నాడు: "ఇంకొక్క జత మిగిలింది ప్రభూ. శాలువాలో ఉంది."

రాజుగారి నుదుట చెమటలు పట్టాయి. మంగలికి తెలిస్తే ఊరంతా తెలుస్తుందని, తలుపేసుకుని తన చేత్తోనే పూసుకున్నాడు మరి!

తిప్పన గొంతు తగ్గించాడు. "ఏలినవారి ఆజ్ఞ ప్రకారం రేపు పొద్దున్నే ప్రయాణం. దారిలో వంటకు మనిషి కావాలిగా, పేరిందేవమ్మను వెంట తీసుకెళ్లండి. చక్కగా వండుతుంది, తలకు రంగు కూడా పట్టిస్తుంది."

ఆ మాటకు రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ, పది ఎర్రగోళ్లూ అందరికీ కనబడేలా చేతులు బయటికి తీసి, ఆ శాలువానే తిప్పన భుజాన కప్పాడు.

"ఇక నాకు దీంతో పని లేదురా! చాటింపు రద్దు. ఎవరి తల వాళ్లిష్టం!"

పేరిందేవమ్మ కళ్లు తుడుచుకుంది. వెళ్లబోతూ రాజుగారు ఆమె దగ్గర ఆగి మెల్లగా అడిగాడు: "నా తల రంగు చూడగానే తెలిసిపోతోంది. నీది పుట్టు నలుపులా ఉంది. ఎలాగమ్మా?"

"చెవుల దగ్గర నాలుగు వెంట్రుకలు తెల్లగానే వదిలేశాను బాబూ," అంది పేరిందేవమ్మ. "మీ చాటింపుకు భయపడుతూనే వదిలాను. వాటిని చూశాక మిగతా తల మీద ఎవరికీ అనుమానం రాదు."