తల్లిదుంప

మౌలాలి అన్నం ముట్టడం మానేశాడు.

కొండవాలున ఉన్న చిన్న దర్గాలో అతను జమాల్ బాబాకు శిష్యుడు. కరువు ఏడాది తల్లి చనిపోయాక అక్కడికి వచ్చి చేరాడు. ఊళ్లో గంజి పోసినన్నాళ్లూ ఆమె తన వంతు కూడా తెచ్చి కొడుక్కే పోసేది. "నేను అక్కడే తాగొచ్చాన్రా" అనేది. అతను నమ్మాడు. ఆమె తాగలేదని, మొన్న దర్గాకు వచ్చిన పక్కింటి ఖాసింబీ మాటల మధ్య నోరు జారింది.

అప్పటి నుంచి అతనికి ముద్ద గొంతు దిగడం లేదు.

"తినవా నాయనా?" అని అడిగాడు బాబా.

"మా అమ్మను తిని బతికాను బాబా. ఇంకా ఏం తినాలి?"

బాబా శిష్యుడి భుజం పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లాడు.

వేసవిలో మౌలాలే నాటిన కంద ఒకటి అక్కడ మొలిచి, ఈమధ్యే గొడుగులా ఆకు విప్పింది. బాబా మోకాళ్ల మీద కూర్చుని, వేర్లు తెగకుండా మొదట్లో మట్టిని మెల్లగా పక్కకు తీశాడు.

"చెయ్యి పెట్టి చూడు."

మౌలాలి వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది. నాటిననాడు రెండు చేతులతో మోసుకొచ్చిన దుంప అది. అప్పుడు పిండితో నిండి రాయిలా ఉండేది. ఇప్పుడు ఖాళీ తోలుసంచిలా ముడతలు పడి, నొక్కితే లోపలికి పోతోంది.

"కుళ్లిపోయింది బాబా."

"వాసన చూడు."

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడిమట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు.

"కుళ్లలేదు నాయనా. తనలో దాచుకున్న పిండిని తీపిగా కరిగించి పైకి పంపింది. ఆకు విచ్చుకుని, ఎండలో తన అన్నం తాను వండుకునేదాకా ఈ మొలకకు అదే తిండి."

మౌలాలి ఆ గుంతలోకే చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి బాబా కంద కాడను గట్టిగా పట్టుకున్నాడు. "తల్లిని తినేసింది కదా. పెరికి పారేద్దామా?"

"వద్దు బాబా!"

ఆ అరుపుకు తనే ఉలిక్కిపడ్డాడు మౌలాలి. అప్పటికే అతని రెండు చేతులూ కాడను చుట్టుకుని ఉన్నాయి.

బాబా వదిలేశాడు.

మౌలాలి ముడతలు పడిన ఆ దుంపను ఒక్కసారి నిమిరాడు. తర్వాత గుప్పెడు గుప్పెడుగా మట్టి కప్పుతూ, అమ్మ పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు. బాబా ఆపలేదు.

కంద తగిలి చేతులు దురద పెడుతుంటే, బాబా చింతపండు పిసికిన నీళ్లు తెచ్చాడు. శిష్యుడి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, పసివాడికి కడిగినట్టు ఒక్కో వేలూ రుద్ది కడిగాడు.

మౌలాలి కడిగించుకుంటూ తల వంచి ఆ చేతులకేసే చూశాడు.

"బాబా," అన్నాడు చివరికి, "ఆకలేస్తోంది."