ఎలుగుబంటి సారా బట్టీ, తీతువు బోర్లించిన దొప్ప

రండి, రండి. దగ్గరగా జరగండి. గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లీ, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఇలా ముందుకొచ్చి కూర్చో. పరమేశ్వరుణ్ణి ఒక్కసారి తలుచుకోండి. ఇక చెవులు ఇటివ్వండి. ఇది నవ్వుతూ మొదలయ్యే కథ. నవ్వుతూ ముగిసే కథ కాదు.

ఇప్పలకోన అని ఒక అడవి ఉండేది. కోన నిండా ఇప్పచెట్లు, నడుమ ఒక సన్నని వాగు. ఆ అడవిలో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ఏదుపందులు, కొండముచ్చులు ఉండేవి. వాగు ఒడ్డున ఇసుకలో ఒక తీతువుపిట్ట గుడ్లు పెట్టుకుని కాపురముండేది. ఒక చిరుతపులి కూడా ఉండేది. అది ఏ వేళ ఏ పొదలో ఉంటుందో ఎవరికీ తెలిసేది కాదు.

తెలిసేది ఒక్కడికే. వాడి పేరు కొమ్మన్న. కొమ్మన్న ఒక కొండముచ్చు. వాగు పక్కన అన్నిటికన్నా ఎత్తయిన మద్దిచెట్టు మీద కూర్చుని నాలుగు దిక్కులూ చూసేవాడు. చిరుత కనబడితే "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. భయమేమీ లేకపోతే "హూప్, హూప్" అని కూసేవాడు. ఆ కూత వినబడ్డాకే దుప్పులు నీళ్ళలో మూతి పెట్టేవి.

చుక్కమ్మ అనే దుప్పికి ఆ కూతంటే దేవుడి మాటే. నిరుడు ఆమె పిల్లను చిరుత ఎత్తుకుపోయింది. ఆరోజు కొమ్మన్న జ్వరంతో చెట్టెక్కలేదు. ఈ ఏడు మళ్ళీ ఒక పిల్ల పుట్టింది.

"మరిదీ, నీ కూత వినకుండా దీన్ని నీళ్ళకు తీసుకురాను," అంది చుక్కమ్మ.

"నేనున్నంతకాలం నీ బిడ్డకు భయం లేదు వదినా," అని కొమ్మన్న మాటిచ్చాడు.

ఆ మాట మనసులో పెట్టుకోండి. దానితో మనకు పని పడుతుంది.

ఇక జూలప్ప సంగతికొద్దాం. జూలప్ప ఒక ఎలుగుబంటి. ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు రాలుతుంది కదా! దేవుడు తన చేత్తో రాల్చిన ప్రసాదం అది. తియ్యగా, మెత్తగా ఉంటుంది. జూలప్ప కడుపునిండా తిని, మూతి నాక్కుని, చెట్టు కిందే నిద్రపోయేవాడు. అలాగే ఉండిపోతే ఎంత బాగుండేది!

ఒకరోజు గుట్ట వెనక మనుషులు దొంగచాటుగా సారా కాయడం చూశాడు. ఏదో అలికిడి విని వాళ్ళు కుండలక్కడే వదిలేసి పారిపోయారు. జూలప్ప బుర్రలో పురుగు తొలవడం మొదలుపెట్టింది.

"మనుషులకేనా ఈ విద్య? నాకు మాత్రం కాళ్ళూ చేతులూ లేవా?" అనుకున్నాడు.

కుండలన్నీ వాగు ఒడ్డుకు మోసుకొచ్చాడు. ఇప్పపువ్వు ఏరి నానేశాడు. అది పులిసి, బుసబుసా పొంగి, కోనంతా కంపుకొట్టింది. రాళ్ళు పేర్చి పొయ్యి చేశాడు. పువ్వు ఏరేవాళ్ళు చెట్ల కింద ఆకులు తగలబెడతారు కదా, అక్కడి నుంచి నిప్పు తెచ్చాడు. కుండ మీద కుండ ఎక్కించాడు. వెదురు గొట్టం గుచ్చాడు. సందులన్నీ బురదతో మెత్తాడు. అడవంతా చుట్టూ మూగింది.

కుండ గుడగుడలాడింది. గొట్టంలోంచి ఒక్క చుక్కా రాలేదు. ఉన్నట్టుండి పై కుండ ఎగిరొచ్చి జూలప్ప ముక్కు మీద ఠంగున తగిలింది. పొగ కమ్మేసింది.

"మామా, నువ్వు కాస్తున్నది సారానా, పొగనా?" అంది ఏదుపంది. అందరూ విరగబడి నవ్వారు.

"నవ్వండి, నవ్వండి! రేపు దొప్పలు పట్టుకుని నా పొయ్యి ముందు మీరే వరస కడతారు," అన్నాడు జూలప్ప ముక్కు రుద్దుకుంటూ.

మర్నాడు మళ్ళీ మెత్తాడు, మళ్ళీ కాశాడు. ఈసారి గొట్టం చివర నుంచి చుక్క చుక్కగా పడసాగింది. జూలప్ప మోదుగాకు దొప్పలో కాస్త పట్టి పొయ్యిలోకి విసిరాడు. నిప్పు భగ్గుమని మనిషెత్తు లేచింది. కుందేళ్ళు వెనక్కి గెంతాయి.

"చూశారా! మండితే మంచి సరుకు! ఈ అడవిలో నిప్పును ఆడించినవాడు ఎవడు? ఈ జూలప్ప!"

"అయితే ముందు నువ్వే తాగు మామా," అంది అడవిపంది.

"కాసినవాడే బాగుందంటే ఎవరు నమ్ముతారు? ఇంకొకరు చెప్పాలి," అన్నాడు జూలప్ప. దొప్ప నింపి, పక్కనే గుడ్ల దగ్గర కూర్చున్న తీతువు ముందు పెట్టాడు. "ఇరుగుపొరుగువాళ్ళం. తొలి దొప్ప నీకే."

తీతువు దొప్పను చూసింది. పొయ్యిని చూసింది.

"మామా, నిప్పునే అంత ఎగదోసింది ఇది. నా ఇంత కడుపులో పడితే ఊరుకుంటుందా? నా గుడ్లు నేల మీదున్నాయి. నాకు రెండు కళ్ళూ కావాలి," అంది.

అని ఏం చేసిందో తెలుసా? ముక్కుతో దొప్ప అంచు పట్టుకుని బోర్లించేసింది! సారా అంతా ఇసుకలో ఇంకిపోయింది.

అందరూ నోళ్ళు తెరిచారు. జూలప్ప కళ్ళు ఎర్రబడ్డాయి.

"అపశకునపు పిట్టా! నువ్వరిస్తేనే చావు కబురంటారు. నీకు పెట్టాను చూడు, నాది బుద్ధి తక్కువ!"

దాన్ని వెక్కిరించి అందరూ మళ్ళీ నవ్వారు. తీతువు గుడ్ల మీద సర్దుకు కూర్చుంది.

జూలప్ప తల పైకెత్తాడు. మద్దిచెట్టు మీద కొమ్మన్న కనిపించాడు. అడవంతా ఎవడి మాట నమ్ముతుందో వాడు.

"కొమ్మన్నా! నువ్వు బాగుందంటే చాలు, ఇక ఎదురు లేదు. ఒక్క దొప్ప రుచి చూడవయ్యా!"

"కాపలా వేళయింది మామా. దుప్పులొస్తాయి."

"ఒక్క దొప్పకే కాపలా చెడుతుందా? పొద్దంతా ఎండకు ఎండి, గాలికి ఎగిరి, మా అందరి కోసం కూర్చుంటావు. నీ ఒంటినొప్పులు ఎవరైనా అడిగారా? నేను అడుగుతున్నాను."

ఎవరైనా అలా ప్రేమగా అడిగితే మనసు కరగదూ! కొమ్మన్న కింది కొమ్మ దాకా దిగాడు. దొప్ప అందుకుని తాగాడు. గొంతు మండి, మొహమంతా మెలికలు తిరిగింది.

"ఎలా ఉంది?"

"ఏమో మామా... చెప్పాలంటే ఇంకో దొప్ప కావాలి."

అందరూ ఘొల్లుమన్నారు. ఇంకో దొప్ప అయింది. ఆ పైన ఇంకొకటి. తర్వాత కొమ్మన్న పైకెక్కబోయి, లేని కొమ్మను పట్టుకోబోయాడు.

నవ్వొస్తోందా? నవ్వండి నాయనా. ఇంతవరకే.

పొద్దు గుట్ట మీదికి వాలింది. చుక్కమ్మ బిడ్డతో వచ్చి, వాగు పక్క పొద వెనక ఆగింది. కూత కోసం చెవులు రిక్కించింది. గాలి వాసన చూసింది. ఎటు చూసినా పొగ, పులిసిన కంపు. వేరే ఏ వాసనా తెలియడం లేదు.

అప్పుడే ఇవతలి ఒడ్డునే, ఇంకో పొదలో ఏదో కదిలింది. గోధుమరంగు ఒళ్ళు, ఒంటి నిండా చుక్కలు. కొమ్మన్న కళ్ళు నులుముకుని చూశాడు. అతనికి ఆ చుక్కలే కనబడ్డాయి, కోరలు కనబడలేదు.

"ఓహో, వదిన వచ్చేసింది!" అని సంబరపడ్డాడు. గొంతెత్తి కూశాడు. "హూప్! హూప్!"

శివశివా! చిరుతను చూసి కూసిన కూత అది!

చుక్కమ్మ గుండె నెమ్మదించింది. బిడ్డను ముందుకు నడిపింది. పిల్ల నీళ్ళకు మూతి చాపింది.

ఇసుకలోంచి తీతువు కెవ్వుమని లేచింది. రెక్కలు కొట్టుకుంటూ, గొంతు చించుకుంటూ గిరగిరా తిరిగింది.

"ఛీ, నోర్ముయ్! దాని మాట వినకు చుక్కమ్మా. పైన కొమ్మన్న ఉన్నాడు!" అని జూలప్ప అరిచాడు.

చుక్కమ్మ కాలు గాలిలో ఆగిపోయింది. ఒకవైపు ఏనాడూ తప్పని కూత. ఒకవైపు అందరూ తిట్టే పిట్ట. ఎవరిని నమ్మాలి? తల ఎత్తి చూస్తే, కొమ్మ మీద కొమ్మన్న దొప్ప పట్టుకుని తూలుతున్నాడు. తాగిన నోరు రమ్మంటోంది. దొప్ప బోర్లించిన నోరు పొమ్మంటోంది.

చుక్కమ్మ తలతో బిడ్డను ఒక్క తోపు తోసి, తానూ ఎగిరి అవతలి ఒడ్డున పడింది. అదే క్షణంలో పొద చీలింది. పిల్ల నిలబడ్డ చోటనే చిరుత పంజా పడింది. తడి ఇసుక తప్ప దానికేమీ దొరకలేదు.

హమ్మయ్య అనుకున్నారు కదూ? ఆగండి.

కొమ్మన్న చెట్టు దిగుతున్నాడు. చేతిలో దొప్పతో, తూలుకుంటూ, చిరుత వైపే వస్తున్నాడు.

"ఏం వదినా, అలా కోపంగా చూస్తావు? బిడ్డేదీ? రా, నువ్వూ ఒక దొప్ప తాగు..."

అవతలి ఒడ్డు నుంచి చుక్కమ్మ ఒక్కతే అరిచింది.

"మరిదీ! అది నేను కాదు! నేనిక్కడున్నాను మరిదీ!"

కొమ్మన్న ఆ గొంతు విన్నాడు. అటు తిరిగి నవ్వాడు. అంతే.

కొమ్మన్న మళ్ళీ ఆ చెట్టెక్కలేదు. ఇసుకలో దొప్ప మాత్రం మిగిలింది.

అప్పుడు మొదలైంది పరుగు. అడవిపందులు పొయ్యి మీద పడ్డాయి. కుండలు దొర్లాయి. కాసిన సారా అంతా నిప్పులో పడింది. మండితే మంచి సరుకు అన్నాడు కదా జూలప్ప? చక్కగా మండింది, అతని జూలు మీదే. కుయ్యో మొర్రో అంటూ వాగులో పడి దొర్లాడు. ప్రాణం దక్కింది కానీ, కాలిన వీపు మీద మళ్ళీ వెంట్రుక మొలవలేదు.

చిరుత తన వేటతో పొదల్లోకి వెళ్ళిపోయాక, నీళ్ళోడుతూ బయటికొచ్చిన జూలప్ప ముందు చుక్కమ్మ నిలబడింది. ఆమె తిట్టలేదు.

"మామా, నీకు రుచి చెప్పేవాడు కావలసి వచ్చాడు. నా బిడ్డకు కాపలా కాసేవాడు కావలసి వచ్చాడు. ఇద్దరూ ఒక్కడే మామా," అంది.

జూలప్ప తల దించుకున్నాడు. మిగిలిన కుండలను తన చేతులతోనే పగలగొట్టాడు.

జంతువులన్నీ తీతువు దగ్గరికి వెళ్ళాయి. "తల్లీ, ఇకమీదట నువ్వే మా కాపలా," అన్నాయి.

"నేను చెట్ల మీద వాలేదాన్ని కాను. నేల మీదే ఉంటాను. కానీ మెలకువగా ఉంటాను," అంది తీతువు.

కొన్నాళ్ళకు దాని గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. చుక్కమ్మ బిడ్డ వాటికి అడ్డంగా నిలబడి నీడ పట్టేది. ఆ కోనలో తీతువు అరిస్తే అపశకునమని ఎవరూ అనరు. దేవుడు పంపిన హెచ్చరిక అంటారు. ఇప్పపువ్వు రాలే కాలం రాగానే మద్దిచెట్టు కింద ఒక దొప్ప బోర్లించి, కొమ్మన్నను తలుచుకుని, పువ్వును పువ్వుగానే తింటారు.

అమ్మలారా, అయ్యలారా, పిల్లలూ! కథంతా గుర్తుండకపోతే ఫరవాలేదు. ఒక్క పని గుర్తుంచుకోండి: చిన్న పిట్ట, అందరూ నవ్వుతుండగా, దొప్ప బోర్లించింది. మీ ముందుకు అలాంటి దొప్ప వచ్చిన రోజున మీరూ ఆ పనే చేయండి. మీ పక్కవాడికీ ఆ మాట చెప్పండి. ఆ స్వామి మీ చూపును చల్లగా కాపాడుగాక!

నీతి: పదిమంది ప్రాణాలు ఎవరి చూపు మీద ఆధారపడ్డాయో వారు మత్తు ముట్టకూడదు, వారి చేతికి ఆ మత్తు అందించినవాడి పాపం ఇంకా పెద్దది.