రాగంలో ఇమడని పేరు

మూడేళ్ళుగా వెతుకుతున్నది ఎనిడ్‌కి దొరికింది. దొరికాక చూస్తే, అది ఒక ముసలావిడ గుండె పగలగొట్టే సంగతి.

ఆస్ట్రేలియా తూర్పున, సముద్రానికి చాలా దూరంగా, డార్లింగ్ నది ఒడ్డున ఒక చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్ళయిన రోజులు. రైలు దిగి, టపా లారీ ఎక్కి, డెబ్బై మైళ్ళు ఎర్రదుమ్ము మింగుతూ ఆ ఊరు చేరింది ఎనిడ్. సంచీలో ఒక పాత అచ్చు కాగితం ఉంది. దారి పొడుగునా దాన్ని తడిమి చూసుకుంటూనే ఉంది.

ఆమె గురువు పేరు డార్సీ క్విల్టీ. నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించి కత్తిరించి నడుము వంగిపోయిన మనిషి. ఉన్ని కత్తిరించేవాళ్ళూ, మందలు తోలేవాళ్ళూ, ఎడ్లబళ్ళవాళ్ళూ పాడుకున్న పాటలు ఆయన దగ్గర ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. ఎనిడ్ పట్నంలో చదువుకుంటోంది. వాదన పోటీల్లో ఎదుటిపక్షాన్ని నోరెత్తనివ్వదని పేరు. సెలవులొస్తే మాత్రం ఈయన రేకుల గుడిసె ముందు వాలిపోయేది.

పాట నేర్పేటప్పుడు కాగితం బయటికి తీయనిచ్చేవాడు కాదు క్విల్టీ. చేతికి ఏదో ఒక పని ఉండాలి. బంగాళాదుంపలు చెక్కు తీస్తూనో, కట్టెలు చీలుస్తూనో పాడాలి. ఆయన ఒక చరణం పాడితే ఆమె తిరిగి పాడాలి.

"మళ్ళీ," అనేవాడు.

మళ్ళీ పాడేది.

"మళ్ళీ."

మూడేళ్ళలో ఆయన నోట ఈ ఒక్క మాట విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదామె. ముఖ్యంగా రేవు పాట దగ్గర. వరదలో మందని నది దాటించిన పాట అది. చివరిదాకా చక్కగా పాడుతుంది, ఆఖరి మాటల్ని గొంతెత్తి సాగదీస్తుంది, గర్వంగా చూస్తుంది. ఆయన తలూపడు.

"ఆఖరున పాడకూడదమ్మాయ్. మామూలుగా చెప్పాలి."

"ఎందుకని?"

"మళ్ళీ."

పాత పాటగాళ్ళు కొందరు ఆఖరి మాటల్ని రాగం వదిలేసి మామూలుగా చెప్పేస్తారని ఎనిడ్‌కి తెలుసు. అదొక అలవాటు, అంతే అనుకుంది. పైగా ఆ ఆఖరి మాటలు ఒక పేరు. లెహ్నా సింగ్. ఈ నది వెంట పదకొండుమంది దగ్గర ఆ పాట విన్నది. నలుగురే ఆ పేరు చెప్పారు. మిగతావాళ్ళు అక్కడికొచ్చేసరికి ఊరుకున్నారు. ఎవరా మనిషి అంటే నలుగురూ భుజాలెగరేశారు. క్విల్టీని అడిగితే, "అడగాల్సినవాళ్ళని అడుగు," అన్నాడు. అడగాల్సినవాళ్ళెవరో చెప్పలేదు. ఆమె కూడా వెతకలేదు. ఆమె వెతుకుతున్నది వేరే: ఆ పాట మొట్టమొదట ఎక్కడ పుట్టింది?

ఊరివాళ్ళకి ఆ అనుమానమే లేదు. చనిపోయిన ఆల్బీ స్కల్లీ కట్టాడు, ఇంకెవరు? ఎల్లుండి శనివారం రేవు దగ్గర ఒక చెక్కపలక కూడా నిలబెడుతున్నారు. దాన్ని చెక్కే పని క్విల్టీదే. ఆల్బీ భార్య విన్నీకి మొదటి వరసలో కుర్చీ వేస్తారు. పట్నంలో చదివిన పిల్ల కదా అని నాలుగు మాటలు చెప్పమని ఎనిడ్‌ని పిలిచారు.

గుడిసె ముందు, రెండు పీపాల మీద ఎర్రటి యూకలిప్టస్ పలక పెట్టుకుని కూర్చున్నాడు క్విల్టీ. పైన 'ఈ రేవు పాట' అని చెక్కి ఉంది. కింద ఖాళీ.

"ఇంకా పేరు చెక్కలేదా?" అంది ఎనిడ్.

"చెయ్యి నొప్పిగా ఉంది. టీ కావాలా?"

"టీ తర్వాత. ముందిది చూడండి, మిస్టర్ క్విల్టీ."

అచ్చు కాగితం పలక మీద పరిచింది. ఇంగ్లండులో నావికులు పాడుకున్న పాట. వందేళ్ళ నాటిది. ఆయన కళ్ళకి ఆ సన్న అక్షరాలు ఆనవని తానే పాడి వినిపించింది.

*అలలు లేచెను, తాళ్ళు తెగెను, రేవు చేరని ఓడ...*

"విన్నారా? అదే రాగం. అవే చరణాలు. అలలు తీసేసి వరద పెట్టారు, ఓడ తీసేసి మంద పెట్టారు, కెప్టెన్ని తీసేసి మేస్త్రీని పెట్టారు. ఆల్బీ స్కల్లీ కట్టింది ఇందులో ఒక్క ముక్క లేదు!"

క్విల్టీ ఈగల్ని తోలుకున్నాడు. "ఓడ దిగేటప్పుడు మూటలు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది. పాటల్ని పోగొట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. మా తాత ఆరు తెచ్చాడు."

"అదే నేనంటున్నది! మరి ఆల్బీ పేరు ఎలా చెక్కుతారు? చివరి చరణం చూడండి. మనవాళ్ళు పాడేది, 'అందరు దాటిరి, దాటని వాడు' అని, తర్వాత ఆ పేరు. ఆ పేరు రాగంలో ఇమడదు. దాని తూకమే వేరు. ఎవరో మధ్యలో అతికించారు. అసలుది ఇదిగో: 'అందరు చేరిరి, చేరని వాడు అలలకు తెలిసిన వాడు.' ఎంత చక్కగా కుదిరిందో! నేను సరిచేశాను. శనివారం ఇలాగే పాడి, ఉన్న నిజం చెప్పేస్తాను."

"విన్నీ ముందా?"

ఎనిడ్ గొంతు కొంచెం తగ్గింది. "ఆవిడంటే నాకు మాత్రం జాలి లేదా? కానీ జాలిపడి అబద్ధాన్ని చెక్క మీద చెక్కించమంటారా? చెప్పండి, నేనన్నదాంట్లో తప్పేమిటి?"

ఆయన లేచాడు. ఉలీ, కొయ్యసుత్తీ ఆమె చేతుల్లో పెట్టి, పీపా పక్కకి జరిగి కూర్చున్నాడు.

"చెక్కు."

"ఏమని?"

"ఎవరి పాటో తెలిసింది కదా. ఆ పేరు చెక్కు."

ఎనిడ్ కాగితం తిప్పి చూసింది. పైన ఓడ బొమ్మ. అడుగున అచ్చువేసినవాడి వీధి. పాట కట్టినవాడి పేరు ఎక్కడా లేదు. ఉలి ఖాళీ చోట ఆనించి, మళ్ళీ తీసేసింది.

"విన్నీ ఇంటికి కట్టెలు పంపాలి," అన్నాడు క్విల్టీ. "తోపుడుబండి అదిగో. ఆ కాగితం కూడా పట్టుకెళ్ళు. నలుగురిలో చెప్పే మాట ముందు ఆవిడకి చెప్పటం మర్యాద."

విన్నీ స్కల్లీకి డెబ్బై ఎనిమిదేళ్ళు. వాకిట్లో కోళ్ళకి గింజలు వేస్తోంది.

"పట్నం పిల్లవి కదూ నువ్వు? కూర్చో. ఆ కుర్చీ కాదు, అది కోడిది. గుడ్డు పెట్టేదాకా లేవదు."

ఎనిడ్ కట్టెల మోపు మీదే కూర్చుంది. వాదన పోటీల్లో ఎన్నడూ తడబడని నాలుక ఇక్కడ తడబడింది. అటు తిప్పి ఇటు తిప్పి చెప్పింది. ఓడ, నావికులు, అచ్చు కాగితం.

ఆవిడ అంతా విని, "అంటే మా ఆయన దొంగ అంటావు," అంది.

"అయ్యో, కాదండీ! నేనన్నది..."

విన్నీ పగలబడి నవ్వింది. కోడి కూడా ఉలిక్కిపడింది. "ఆ మనిషి పాట కట్టడమేమిటి! వాళ్ళమ్మకి ఉత్తరం రాయాలన్నా నేనే చెప్పేదాన్ని. వాళ్ళ తాత నావికుడు, ఆయన పాడేవాడు. పాట నాదని ఆల్బీ ఏనాడూ అనలేదు. మా ఆయన పాడితే విన్నారు, మా ఆయనదే అన్నారు. కాదని ఎంతమంది దగ్గర మొత్తుకుంటాడు? ఏదీ, ఇటివ్వు."

దారంతో కట్టుకున్న కళ్ళజోడు పెట్టుకుంది. వేలు పెట్టి ఒక్కో పంక్తీ చదివింది. అక్కడక్కడా పెదవులు కదిలాయి. ఆఖరికొచ్చింది. కాగితం తిప్పింది. వెనక ఖాళీ. మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఇందులో అతను లేడే," అంది.

"ఆల్బీ గారా?"

"ఆల్బీ ఎందుకుంటాడమ్మా ఇంగ్లండు పాటలో. అతను. లెహ్నా సింగ్."

"అతనెవరండీ?" అంది ఎనిడ్.

విన్నీ లోపలికెళ్ళి ఒక గాజుసీసా తెచ్చింది. దాన్నిండా బొత్తాలు. పచ్చటివి రెండు ఏరి ఎనిడ్ అరచేతిలో పెట్టింది.

"నా పెళ్ళి గౌనువి. అతని బండిలో కొన్నాను. పంజాబు నుంచి వచ్చాడట, తలపాగా, ఇంత గడ్డం. సూదులు, దారాలు, బట్టలు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఏ గుమ్మం ముందు ఆగినా, మొదట తన పేరు చెప్పేవాడు. 'నా పేరు లెహ్నా సింగ్.' సరుకు సంగతి తర్వాత. ఎవరికి పట్టింది? 'ఓయ్ మూటలోడా, రిబ్బన్లు ఉన్నాయా?' అనేవాళ్ళు. నేనూ అదే అన్నాను."

కోడి లేచింది. ఆవిడ గుడ్డు తీసి గౌను జేబులో వేసుకుంది.

"ఆ ఏడు వరదలో ఆల్బీ మందతో సహా నది మధ్యలో చిక్కుకున్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు అరుస్తున్నారు గానీ ఒక్కడూ దిగలేదు. ఇతను బండి నుంచి గుర్రాన్ని విప్పుకుని దిగాడు. ఆల్బీ ఆ గుర్రం తోక పట్టుకుని బయటపడ్డాడు. గుర్రమూ వచ్చింది. అతను రాలేదు. శవం కూడా దొరకలేదు. 'వరదలో ఒక బండి వ్యాపారి మృతి' అని పేపర్లో వేశారు. అంతే."

"పేరు...?"

"ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మా ఆయన ఊళ్ళో అందరి కాళ్ళూ పట్టుకుని అడిగాడు. చివరికి నేను చెప్పాను. నా గుమ్మం ముందు రెండుసార్లు చెప్పాడు కదా, అందుకని." విన్నీ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వాళ్ళ ప్రార్థన మాకు రాదు. మా ఆయనకి వచ్చిందల్లా తాత పాట. అందులో పెడదామని చూశాడు. ఆ పేరు రాగంలో కూర్చుంటేనా! నెలరోజులు కుస్తీ పట్టాడు. ఉన్ని కత్తిరించే షెడ్డులో వాళ్ళు, ఏదో ఒక చిన్న పేరు పెట్టెయ్యరాదా, ఎవరికి తెలుస్తుంది అని ఎకసెక్కాలాడారు. ఇంక ఒకరోజు అక్కడికొచ్చేసరికి పాడటం ఆపేసి, పేరు చెప్పేశాడు. అతను గుమ్మం ముందు చెప్పుకున్నట్టే."

బొత్తాలు ఎనిడ్ చేతిలో వెచ్చబడ్డాయి.

"శనివారం ఓడ సంగతి చెప్పు," అంది విన్నీ. "నిజమేగా, దాచేదేముంది. ఆ చెక్క మీద మా ఆయన పేరు వద్దని డార్సీకి ఎన్నిసార్లు చెప్పాను! మా ఆయనకి శ్మశానంలో రాయి ఉంది, పేరుంది. చాలదూ?"

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. క్విల్టీ నిప్పుల మీద టీ డబ్బా పెట్టాడు. ఎనిడ్ సంచీలోంచి, శనివారం చెప్పడానికి రాసుకున్న కాగితాలు తీసింది. సరిచేసిన ఆఖరి పంక్తిని కొట్టేసింది. ఉలి తీసుకుంది.

ఆమెకి చెక్కడం కొత్త. అక్షరాలు పెద్దవిగా, వంకరగా వచ్చాయి. ఒక్కో అక్షరం చెక్కుతూనే, అలవాటుగా, లోగొంతుతో పాట అందుకుంది. వరద లేచింది, కంచె తెగింది, మంద దిగింది. చివరి చరణం వచ్చింది.

*అందరు దాటిరి, దాటని వాడు...*

గొంతు దానంతటదే ఆగింది. సుత్తి ఆగింది.

"లెహ్నా సింగ్," అంది, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు.

'మళ్ళీ' అంటాడేమోనని చూసింది. క్విల్టీ తలూపాడు. టీ డబ్బాని నిప్పుల మీంచి దించాడు.

ఆమె మళ్ళీ చెక్కుతూ పోయింది. ఇంకా మూడక్షరాలు మిగిలి ఉండగా పలక అంచు వచ్చేసింది. జానతో కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"పాడుచేశాను, మిస్టర్ క్విల్టీ. పేరు ఇమడటం లేదు."

ముసలాయన రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి ఆమె పక్కన పెట్టాడు.

"అప్పుడూ ఇమడలేదు," అన్నాడు.

ఎనిడ్ పలక మందాన్ని వేలితో కొలిచింది. తర్వాత దాన్ని నిలువుగా తిప్పి, మందపాటి అంచు మీద మిగతా అక్షరాలకి ఉలి ఆనించింది.