ఊడ్చిన చేను

దస్తగిరి గట్టు మీద నిలబడి కోపంతో ఊగిపోతున్నాడు. విత్తనాల కోసం పొద్దున టౌనుకు వెళ్ళి వచ్చేసరికి చేను చేనులా లేదు. పెళ్ళివారు దిగబోతున్నట్టు శుభ్రంగా ఊడ్చి, నీళ్ళు చల్లి, గట్టు పక్కన ముగ్గు కూడా వేశారు. మూలన ఒక బూడిద కుప్ప ఇంకా పొగలు కక్కుతోంది.

ఆ బూడిద అతని ఏళ్ళ కష్టం. కొండవాలులో రాళ్ళు తప్ప ఏమీ లేని ఆ నేలను గురువు ఖాదర్ సాహెబ్ అతనికి అప్పగించి, దీన్ని బతికించడమే నీ సాధన అన్నాడు. దస్తగిరి దున్నడం మానేశాడు. ఎండుటాకులు, వేరుశనగ పొట్టు, ఉలవ కట్టె ఎక్కడ దొరికితే అక్కణ్ణుంచి మోసుకొచ్చి పరిచాడు. ఆ కప్పు కింద నల్లమట్టి పుట్టేదాకా వేరే ధ్యాస ఎరగడు. మొదటిసారి వానపాము కనబడ్డ రోజు కూర్చుని ఏడ్చాడు.

ఆ కప్పునే చెత్త అనుకుని పిల్లలు తగలబెట్టారు.

పిల్లలంటే మరీ పసివాళ్ళు కాదు, పదో తరగతి రాసినవాళ్ళు. నేలను బాగుచేసే సేద్యం నేర్చుకుంటారని సాహెబే వాళ్ళను సెలవులకు టౌను హాస్టల్ నుంచి పిలిపించాడు. దస్తగిరి వారం రోజులు వాళ్ళను తన ఇంటి వసారాలో కూర్చోబెట్టి ఉపన్యాసాలు దంచాడు. పాడుచేస్తారని చేలో మాత్రం కాలు పెట్టనివ్వలేదు. అతను ఊళ్ళో లేని పూట ఏదో ఒక పని చేసి మెప్పు పొందుదామని వాళ్ళకు బుద్ధి పుట్టింది. హాస్టల్‌కు పెద్దవాళ్ళు వస్తున్నారంటే నేలను అద్దంలా ఊడ్చి, చెత్త కాల్చి, ముగ్గు వేయడం వాళ్ళకు అలవాటు. ఇక్కడా అదే చేశారు.

“వారం నుంచి నేనేం చెప్పినాను?” అని అరిచాడు దస్తగిరి.

లోకనాథ్ అనే కుర్రాడు చేతులు కట్టుకుని అప్పజెప్పాడు. “నేలను ఎప్పుడూ ఉత్తగా ఉంచకూడదు సార్. ఏదో ఒకటి కప్పి ఉంచాల.”

ఊడ్చిన నేల మీద నిలబడే చెప్పాడు, పొల్లు పోకుండా. దస్తగిరికి అరికాలి మంట నెత్తికెక్కింది. వసారాలోకి దూసుకుపోయి వాళ్ళ సంచులన్నీ బయటికి విసిరేశాడు.

నాగవేణి చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది. ముగ్గు వేసిందీ ఆ పిల్లే. ఆమెకూ మండింది.

“ఒక్కరోజన్నా మమ్మల్ని చెయ్యి పెట్టనిస్తిరా సార్? మాకెట్ల తెలుస్తాది?”

దస్తగిరి ఇంకా గట్టిగా అరిచాడు.

అరుస్తూనే సాహెబ్ ఉండే గడ్డి కొట్టం దగ్గరికి పోయాడు. వానొస్తే ఉత్త నేలంతా వంకలోకి కొట్టుకుపోతుందని, వీళ్ళను సాయంత్రం బస్సుకే పంపేయమని, వీళ్ళుంటే తానుండనని చెప్పాడు. సాహెబ్ కొండ వైపు చూశాడు. మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. ఆయన లేచి, నిచ్చెన వేసుకుని కొట్టం మీదికెక్కి, కప్పిన బోదగడ్డిని పీకి కిందికి విసరడం మొదలుపెట్టాడు.

“అది ఇంటి కప్పు సాహెబ్,” అన్నాడు దస్తగిరి, తెల్లబోయి.

సాహెబ్ ఇంకో కట్ట విసిరాడు.

ముందుగా నాగవేణి ఒక కట్ట ఎత్తుకుని చేలోకి పరుగెత్తింది. మిగతావాళ్ళూ వెంటబడ్డారు. ఎట్లా పరచాలని ఆ పిల్ల వెనక్కి తిరిగి అడిగితే సాహెబ్ గడ్డంతో దస్తగిరిని చూపించాడు. దస్తగిరి పళ్ళు నూరుకుంటూ దిగాడు. గడ్డిని వాలుకు అడ్డంగా పరచడం, గాలికి లేవకుండా రాయి పెట్టడం తిడుతూనే చూపించాడు. ఒక రాయి ఎత్తితే దాని కింద, చీపురుకు అందని పిడికెడు నల్లమట్టి మిగిలి ఉంది. అందులో వానపాము కదిలింది. నాగవేణి దాన్ని కాసేపు చూసి, మెల్లగా గడ్డి కప్పింది.

చేను కింది భాగానికి వచ్చేసరికి గడ్డి అయిపోయింది. వాన విరుచుకుపడింది. ఆ రాత్రి సాహెబ్ కూడా పిల్లలతో పాటు వసారాలోనే ఇరుక్కుని పడుకున్నాడు.

తెల్లవారి చూస్తే గడ్డి పరిచిన మేర మట్టి కదల్లేదు. గడ్డి అందని కింది భాగంలో మట్టే లేదు, రాళ్ళు తేలాయి. దస్తగిరికి మళ్ళీ ఒళ్ళు మండింది. తిట్టడానికి నోరు తెరిచాడు.

ఈలోగా లోకనాథ్ వింత చూద్దామని తడిసిన గడ్డి మీద అడుగేశాడు.

“కాలు తీయ్ రా,” అంది నాగవేణి. “కింద మట్టి అణిగిపోతాది. కండ్లు కనపడవా నీకు?” వాడి చొక్కా పట్టుకుని గట్టు మీదికి లాగేసింది.

దస్తగిరి తెరిచిన నోరు మూసుకున్నాడు. సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు. బస్సు మాట ఎత్తలేకపోయాడు.

సాహెబ్ తడిసిన దుప్పటి పిండుతూ అన్నాడు.

“నిన్నటిదాకా ఈ నేల కోసం కోప్పడేదానికి నువ్వొక్కడివే ఉంటివి. పో, ఈ పొద్దు కాస్త నిద్రపో.”