గిన్నె ఒకచోట, మూత ఒకచోట

తెరచాప ఓడలు తిరిగే రోజుల్లో, అనగనగా ఒక రేవుపట్నం. ఆ పట్నంలో పేరిందేవి అనే షావుకారు భార్య ఉండేది. ఆమెకు సీమ పింగాణీ అంటే ప్రాణం. ఇంగ్లీషు దేశంలో పూర్వం ఆడవాళ్లు కుంచె పట్టి ఒక్కొక్క పువ్వూ చేత్తో దిద్దిన పాత్రలవి. రాయిలా గట్టివి. వేలితో తడితే ఖంగుమంటాయి.

ఆమె సేకరించిన వాటిలో ఒక పెద్ద గిన్నె ఉంది. నీలం తీగ, ఎర్ర పువ్వులు. మూత మాత్రం లేదు. ఆ లోటు ఆమెను తినేసేది.

ఒకనాడు వియ్యపురాలు బంగారమ్మ ఇంటికి వెళ్తే, గూట్లో కనబడింది మూత! అదే తీగ, అవే పువ్వులు! పేరిందేవి దగ్గరికి వెళ్లి దాన్ని తేరిపార చూసింది.

"వదినగారూ, ఒంటరి మూత మీకెందుకండీ? నాకిచ్చెయ్యండి" అంది తేలిగ్గా.

"పనికిరానిదైతే మీకు మాత్రం ఎందుకండీ?" అని నవ్వింది బంగారమ్మ.

మర్నాడు పేరిందేవి బంగారు అంచు పళ్లెం పట్టుకెళ్లి, మార్చుకుందామంది. బంగారమ్మ ససేమిరా అంది. పొద్దున్నే ఆ మూతను ఒకసారి మోగించందే ఆవిడ మంచినీళ్లైనా ముట్టదు.

మూడోసారి పేరిందేవికి పాడుబుద్ధి పుట్టింది. తన గిన్నె చూపించి, కుమ్మరి చేత అచ్చం అలాంటి మట్టిమూత చేయించి, రంగులు వేయించి, కొంగు చాటున తీసుకెళ్లింది. బంగారమ్మ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లగానే మూత మార్చేసింది.

ఇంటికొచ్చి గిన్నె మీద పెట్టింది. ఆహా! గిన్నె మీద మొదలైన తీగ మూత మీదికి పాకింది. సగం పువ్వు కింద, సగం పైన! ఆనందం పట్టలేక "అమ్మాయ్, ఇలా రా! చూద్దువుగాని..." అని కోడల్ని కేకేసి, చటుక్కున నోరు మూసుకుంది. కోడలు బంగారమ్మ కూతురే కదా! చూస్తే ఇంకేమైనా ఉందా? గబగబా రెండింటినీ భోషాణంలో దాచేసింది.

మర్నాడు కోడలు కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "అత్తయ్యా, మా అమ్మ మూత మోగడం లేదట. దిష్టి తగిలిందని అన్నం మానేసి కూర్చుంది."

పేరిందేవికీ ముద్ద దిగలేదు. గిన్నె, మూత ఎత్తుకుని పట్టపగలే వీధి వెంట బంగారమ్మ ఇంటికి నడిచింది.

"వదినగారూ, మీ మూత దొంగిలించింది నేనే. ఇదిగో. నా తప్పుకు ఈ గిన్నె కూడా మీరే ఉంచుకోండి."

బంగారమ్మ కోపంగా మూత లాక్కుంది. తట్టింది. ఖంగుమంది! గిన్నె మీద పెట్టి చూసింది. పువ్వు పూర్తయింది. కోపం ఎటు పోయిందో!

"మూత ఒక్కటే తెచ్చుంటే మొహాన తలుపేసేదాన్ని. ప్రాణంలాంటి గిన్నె కూడా తెచ్చారు. ఇక ఈ రెంటినీ విడదీయొద్దు. ఓ నెల మీ ఇంట్లో, ఓ నెల మా ఇంట్లో. ముందు మీ ఇంటికే!"

పేరిందేవి ఇంటికి రాగానే, నిన్న మింగేసిన కేక ఇవాళ వీధంతా మోగింది. "అమ్మాయ్! అందరూ రండర్రా, చూడండి!"

పదిమందికీ చూపించుకోలేని సొత్తు ఎంత అందమైనదైనా మనది కాదు.