దొరగారి కార్లు, ఎండిన నిమ్మకాయలు

అనగా అనగా, మోటారు కారు కనిపిస్తే ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చి చూసే రోజుల్లో, నెమలికోట అనే ఊరుండేది. ఆ ఊరి దొర భూపతిగారికి కార్లంటే ప్రాణం.

ఆయనకి నాలుగు కార్లు. ఒకటి నేరేడుపండు రంగు. ఒకటి తెల్లవారేటప్పటి ఆకాశం రంగు. ఒకటి వెన్నెల్లో తడిపి తీసినట్టు తెల్లన. నాలుగోది చిన్నది, చిలకపచ్చది. రోజూ పట్టుగుడ్డతో తుడిచి, ముసుగు కప్పి, మురిసిపోయేవాడు. ఎక్కడం మాత్రం లేదు. దుమ్ము పడుతుందని భయం!

ఒక దసరాకి కార్లకి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మెకానిక్ మస్తాను కారు తీయబోతే దొర కేకేశాడు.

"ఆగరా! రసం పడితే చక్రానికి మచ్చ!"

"తొక్కిస్తేనే కదండీ దిష్టి పోయేది. కారన్నాక కదలాలండి. కదలకపోతే దిగులు పట్టుకుంటుంది."

దొర వినలేదు. ఆయన లోపలికెళ్ళాక, మస్తాను మనసాగక చిలకపచ్చ కారుని ముందుకి కదిలించాడు. నిమ్మకాయ చితికింది. కారు గోడకి రాసుకుని పొడుగ్గా గీత పడింది.

"ఎవడ్రా ఈ పని చేసింది?" అంటూ దొర బయటికొచ్చాడు.

"నేనేనండి," అన్నాడు మస్తాను, ఏమీ దాచకుండా.

"ఆ గీత నేను చూడలేను. ఆ కారు తీసుకుని నువ్వూ పో!"

మస్తాను వెళ్ళిపోయాడు. చిలకపచ్చ కారు పాలబిందెలు మోసింది, పెళ్ళికూతుళ్ళని మోసింది. ఇక్కడ దొరగారి మూడు కార్ల కింద నిమ్మకాయలు ఎండి గోళీలయ్యాయి.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఉదయం దొరసాని అలివేలమ్మకి ఉత్తరం వచ్చింది. ఆమెని తల్లిలా పెంచిన అక్క కాశీలో ఉండిపోవడానికి వెళ్తోంది. ఆ మధ్యాహ్నమే రైలు ఇటుగా పోతుంది. స్టేషను ఆరు కోసుల దూరం. ఎద్దుబండి సాయంత్రానికి గాని చేరదు.

"ఏవండీ, ఈ జన్మలో మళ్ళీ చూస్తానా మా అక్కని?"

"మూడు కార్లుండగా ఏడుపెందుకే!"

నేరేడు రంగు కారు ముసుగు తీశాడు. చక్రాలు పగిలి నేలకి అతుక్కుపోయాయి.

ఆకాశం రంగు కారు తలుపు తీశాడు. సీటులోంచి ఎలుక తల పైకెత్తింది. "మెల్లగా దొరగారూ, పిల్లలు ఇప్పుడే పడుకున్నారు." తీగలన్నీ కొరికేసి గూడు కట్టుకుంది.

తెల్లకారుని స్టార్టు చేద్దామని ముందున్న హాండిల్ తిప్పాడు, తిప్పాడు, చెమటలు పట్టేదాకా తిప్పాడు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

అలివేలమ్మ గడపలో కూలబడింది. ఆ ముఖం చూడలేక దొర చెప్పులైనా వేసుకోకుండా మస్తాను ఇంటికి నడిచాడు. గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు.

మస్తాను ఆయన కాళ్ళకేసి చూశాడు. "ఎక్కండి దొరా. దారిలో చెబుదురు గాని."

దొరసానిని ఎక్కించుకుని చిలకపచ్చ కారు గాలిలో ఆకులా పోయింది. రైలు కూత వేస్తుండగా చేరారు. కిటికీలోంచి ముడతలు పడ్డ చెయ్యి బయటికొచ్చింది. "వచ్చావా చిట్టీ!" అంది అక్క. రైలు కదిలేదాకా అలివేలమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

దొర కారు మీది గీతని వేలితో నిమిరాడు. "ఇదొక్కటే బతికుందిరా మస్తానూ."

"మిగతావీ బతుకుతాయండి. పని చెబుదాం."

మళ్ళీ దసరా వచ్చింది. ఈలోగా ఎలుక సంసారాన్ని పాత బుట్టలోకి మార్చి, మస్తాను మూడు కార్లనీ ఊరి పనులకి తిరిగేలా బాగుచేశాడు. చక్రం చక్రానికీ కొత్త నిమ్మకాయ పెట్టారు. దొర స్వయంగా కూర్చుని నాలుగు కార్లతోనూ వాటిని తొక్కించాడు. ఆ పుల్లటి వాసనకి ఆయన కళ్ళు చెమర్చాయి.

కాబట్టి పిల్లలూ, ప్రేమించిన వస్తువుని పదిమందికీ పనికొచ్చేలా వాడుకోవాలి. ముట్టకుండా దాచిపెడితే అది మనకే అక్కరకు రాకుండా పోతుంది.